చల్లారిన గంజికుండలు

అన్నపూర్ణమ్మను ఒక్కసారి మనసులో తలుచుకుని వినండి, తల్లులారా. కరువు రోజుల్లో ఒక రాజు గంజిశాల పెట్టించాడు. అయినా గంజి అందేలోపే ఒక్కరోజులో వరుసలో నిలబడ్డ ముగ్గురు ఆకలితో పోయారు. వంట ఆలస్యమవుతోందని గంజిశాల అధికారి విరూపాక్షయ్య చెప్పగానే, వంటమనిషి నూకాలు చేతులు నరకమన్నాడు రాజు.

నూకాలు నోరు విప్పింది.

"నరికిద్దురు గాని ప్రభూ. ముందు కుండలు ఎక్కడ ఆగిపోయాయో చూడండి."

రాజు వెళ్లి చూశాడు. పొయ్యిల మీద గంజి కుతకుతలాడుతోంది. వడ్డించేవాళ్లు ఖాళీ గరిటెలతో కూర్చున్నారు. మధ్యలో విరూపాక్షయ్య పీట ముందు నలభై కుండలు చల్లారి తెట్టు కట్టాయి.

"శ్లోకం చదివి, నేను రుచి చూశాకే ఏ కుండైనా కదలాలి. అది నా నియమం," అన్నాడాయన.

రాజు కత్తి దూశాడు.

"ఆయన్నీ నరకొద్దు ప్రభూ," అంది నూకాలు. "ఇవాళ వరుస చివర నిలబెట్టండి, చాలు."

ఆ పూట కుండలు పొయ్యి దగ్గర్నుంచి నేరుగా వరుసలోకి వెళ్లాయి. అమ్మ దయవల్ల ఎవరూ పోలేదు. పొద్దువాలే వేళకు విరూపాక్షయ్యకు అడుగంటిన గంజి దక్కింది. ముంత ఖాళీ చేశాడు. రుచి మాట ఎత్తలేదు.