అక్కడ ఇంకా సోమవారమే

నూకవలసలో ఎర్రయ్య, సన్యాసి అని ఇద్దరు అన్నదమ్ములు. ఊరందరి తెలివీ తమ ఇంట్లోనే ఉందని వాళ్ళ నమ్మకం. ఊళ్ళోవాళ్ళు ఒప్పుకునేవారు కాదు. తెలివి లేనివాళ్ళు ఎలా ఒప్పుకుంటారు, పాపం!

వాళ్ళ చిన్నాన్న అప్పలసూరి ఓడలో వంటవాడు. ఏళ్ళ తరబడి వండిపెట్టినందుకు ఆ ఓడల కంపెనీవాళ్ళు, ఎక్కడో సముద్రాల అవతలివాళ్ళు, ఆయన పేర కొన్ని షేర్లు రాసిచ్చారు. అవి అమ్మి, ఈ వానలకు ముందే ఇంటికి కొత్త పెంకులు వేయిస్తానని భార్య పైడమ్మకి మాటిచ్చాడు. ఇచ్చి, మంగళవారం తెల్లవారుజామున కన్నుమూశాడు.

పొద్దున్నే ప్లీడరు సోమయాజులుగారు పలకరింపుకొచ్చారు. పైడమ్మ ఏడుస్తూ పెంకుల సంగతి చెప్పింది.

"ఊరుకో అమ్మా. ఆ షేర్లు నీ పేరుకి మార్పిద్దాం. కంపెనీకి రేపు తెలియజేస్తాలే. మనకి తెల్లారినా వాళ్ళకి రాత్రే. అక్కడ ఇంకా సోమవారమే," అన్నారాయన.

అన్నదమ్ములు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"సోమవారం చిన్నాన్న బతికే ఉన్నాడు కదరా?" అన్నాడు ఎర్రయ్య.

"ఉండడమేంటన్నయ్యా! చేపలపులుసు మారు వడ్డించుకున్నాడు కూడాను."

"అయితే అక్కడ ఇంకా పోలేదన్నమాట!"

ఇంకేముంది! పాడె ఎత్తబోతున్నవాళ్ళకి ఇద్దరూ అడ్డం నిలబడ్డారు. "అక్కడ బతికున్న మనిషిని ఇక్కడ ఎలా మోసుకుపోతారర్రా?" అన్నారు. "ఇక్కడి చావు ఇక్కడిదేనయ్యా, కదలండి!" అని ప్లీడరుగారు గట్టిగా కసిరితే గాని పాడె లేవలేదు.

తలకొరివి పెట్టి వచ్చిన ఎర్రయ్య, తడిబట్టలతోనే ఉత్తరానికి కూర్చున్నాడు.

"సోమవారమే చేరాలి. సోమవారం తారీఖు వెయ్యి," అన్నాడు సన్యాసి. అంతే, వేసేశాడు.

"కంపెనీవారికి దండాలు. మా చిన్నాన్న అప్పలసూరి మీ దగ్గర ఇంకా బతికే ఉన్నారు. మంగళవారం వచ్చేలోగా షేర్లు మా పిన్ని పేర రాయించి సంతకం పెట్టించుకోండి. ఆలస్యం చేస్తే ఆయన పోతారు."

పైడమ్మ కళ్ళు తుడుచుకుంటూ దగ్గరికొచ్చింది. "దగ్గు మందు వేసుకున్నారో లేదో కూడా కనుక్కోమని రాయి నాయనా," అంది. అదీ రాశాడు.

పెద్దకర్మ అయ్యాక ప్లీడరుగారు మరణ ధ్రువపత్రం, షేరు కాగితం నకలు తన పద్ధతిలో తను పంపారు. అసలు కాగితం పైడమ్మ పెట్టెలోనే ఉంచమన్నారు. ఈ ఉత్తరం సంగతి ఆయనకి ఎవరూ చెప్పలేదు. తెలివైన పని చేసి చెప్పుకు తిరగడం బాగోదు కదా!

కంపెనీలో తెలుగు చదివేవాళ్ళెవరో ఉన్నారు కాబోలు, నెల తిరక్కుండా తెలుగులోనే జవాబొచ్చింది. "షేర్ల యజమాని బతికి ఉన్నట్టు ఒక కాగితం, పోయినట్టు ఒక కాగితం అందాయి. ఏది నిజమో తేలేదాకా షేర్లు మార్చడం కుదరదు."

"ఆయన సంగతి ఆయన్నే అడగాలి," అన్నాడు సన్యాసి.

అంతే, పైడమ్మని వెంటబెట్టుకుని ముగ్గురూ వల్లకాటికి వెళ్ళారు. ఎర్రయ్య చేతులు కట్టుకుని, "చిన్నాన్నా, నువ్వు పోయినట్టేనా?" అని అడిగాడు. జవాబు లేదు. మూడుసార్లు అడిగాడు. లేదు.

"మౌనం అర్ధాంగీకారం అన్నారు పెద్దలు," అన్నాడు సన్యాసి. "సగం ఒప్పుకున్నాడు. అంటే సగమే పోయాడు."

"మరి మిగతా సగం?" అంది పైడమ్మ ఆశగా.

"అది బతికుంది పిన్నీ. బతికున్న సగం సొమ్ము మనం ముట్టుకోకూడదు."

ఇంకేముంది! పెట్టెలోని అసలు కాగితం తీసి నిలువునా చింపారు. ఒక సగం కంపెనీకి పోస్టు చేశారు. రెండో సగం వల్లకాట్లో రాయి కింద పెట్టి, "జాగ్రత్త చిన్నాన్నా" అని చెప్పి వచ్చారు. సగం డబ్బు ఎలాగూ వస్తుందని, ఇంటి మీది పాత పెంకులు సగం దింపించేశారు.

మర్నాడే పెద్ద వాన. ప్లీడరుగారు గొడుగేసుకుని వచ్చి చూస్తే, ముగ్గురూ పెంకుల్లేని వైపు వరసగా కూర్చుని ముద్దయిపోతున్నారు.

"అటు పొడిగా ఉంది కదమ్మా! అటు కూర్చోలేరూ?" అన్నారాయన.

"హమ్మా! అది ఆయన సగం బాబూ," అంది పైడమ్మ. పొడివైపు చాప పరిచి, పక్కనే దగ్గు మందు పెట్టి ఉంది.