పూరేడు పిట్ట పెట్టుకున్న కాపలా

కాలవ గట్టున తేలుకొండి మొక్కలు మోకాలెత్తు పెరిగాయి. ఆకు గరుకు, రుచి చేదు. పూలకంకి కొస వెనక్కి చుట్టుకుని అచ్చం తేలు కొండిలా ఉంటుంది. వాటికి ఏ పశువూ మూతి పెట్టదు. అందుకే పూరేడు పిట్ట ఏరికోరి ఆ మొక్కల మధ్యే గుడ్లు పెట్టింది. ఏడు గుడ్లు. ఇంకో మూడు రోజుల్లో పిల్లలవుతాయి.

ఆ సాయంత్రం నక్క గట్టెక్కి ముక్కు ఎగబీల్చింది. పూరేడుకి పైప్రాణాలు పైనే పోయాయి.

"ఏమ్మా, ఒంటరిగా ఉన్నావు. బాగోగులు కనుక్కుందామని వచ్చా."

"రా మావా, కాస్త చూసుకుని రా. ఆ కొండ్లు కనిపిస్తున్నాయిగా? ముప్పై తేళ్ళు. గుడ్లకి కాపలా పెట్టుకున్నా."

నక్క మసక వెలుతురులో కళ్ళు చికిలించి చూసింది. గాలికి కొండ్లన్నీ ఊగాయి. కిందటేడు ఒక్క తేలు కుడితేనే మూడు రోజులు కూడు సహించలేదు దానికి.

"ముప్పైకీ జీతం ఎక్కణ్ణించి ఇస్తున్నావే?"

"జీతం లేదు మావా. కుట్టడమంటే వాటికి సరదా."

నక్కకి ఇంటి దగ్గర పని గుర్తొచ్చింది. వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున ఎద్దు గట్టు మీదికొచ్చి, తీరిగ్గా నెమరేస్తూ చెప్పింది. "నిన్న నక్క కలిసిందమ్మాయ్. గట్టు మీద అవి తేళ్ళా అనడిగింది. కాదు, మొక్కలన్నాను."

"అయ్యో ఎద్దన్నా! నా కొంప ముంచావు కదా!"

"అడిగింది, చెప్పాను. అబద్ధం నాకు చేతకాదు." ఎద్దు ఇంకో గడ్డిపరక వెతుక్కుంటూ పోయింది.

పూరేడుకి ఏడుపొచ్చింది. గుడ్లు వదిలి ఎగిరిపోతే బతుకుతుంది, కానీ వదల్లేదు. అంతలో పొరుగున ఉన్నది గుర్తొచ్చింది. గూటి ముందున్న బండరాయి కింద నిజంగానే ఓ నల్లతేలు కాపురముంటోంది. ఇన్నాళ్ళూ పూరేడు అటు పోలేదు, అది ఇటు రాలేదు.

నక్క పట్టపగలే వచ్చింది. దారిలో రెండు కంకులు కొరికి ఉమ్మేసింది.

"మావా, ఆ బండరాయి కింద కాలు పెట్టకు. తేలుంది," అంది పూరేడు, ఉన్నదున్నట్టుగా.

నక్క పడీపడీ నవ్వింది. "ముప్పై అయిపోయాయి, ఇది ముప్పై ఒకటోదా?"

అని రాయి కింద కాలు దోపి పక్కకి నెట్టింది. ఆ తర్వాత అది పెట్టిన కేక అవతలి ఊరి కుక్కలకి కూడా వినిపించింది.

మూడు కాళ్ళ మీద కుంటుతూ ఎద్దు దగ్గరికి పోయి, "మొక్కలన్నావు కదయ్యా!" అని మొత్తుకుంది.

"మొక్కల గురించి అడిగావు, చెప్పాను. రాళ్ళ గురించి అడగలేదుగా," అంది ఎద్దు.

నక్క మళ్ళీ నాలుగు కాళ్ళ మీద నిలబడే సరికి, పూరేడు ఏడుగురు పిల్లల్నీ వెంటేసుకుని పక్క చేలో గింజలేరుకుంటోంది.

నీతి: ఒక అబద్ధం పట్టుకున్నాం కదా అని, ఆ నోట వచ్చే నిజాన్ని కూడా కొట్టిపారేయకూడదు.