నాగలింగం కేశతైలం

మణిగిరి రాజు విజయభూపాలుడికి నలభై దాటేసరికి నడినెత్తిన జుట్టు పలచబడింది. ఈ సంగతి కొలువులో అందరికీ తెలుసు. అయినా తెలియనట్టే ఉండేవారు.

ఒక ఉదయం రాజుగారు ఉన్నట్టుండి ప్రకటించారు.

"నూనెల వర్తకుడు నాగలింగానికి రాజముద్ర ఇస్తున్నాం. ఇకమీదట నగరంలో తలనూనె అతనొక్కడే అమ్మాలి. సింగనా, ఉత్తర్వు రాయి."

కొలువులో లేఖకుడైన సింగనకు ఈ మాట నచ్చలేదు. ఆ ఉత్తర్వు రాస్తే, గానుగ ఆడించుకుని బతికే ఓబులమ్మ కొట్టు మూసుకోవాల్సిందే. ఆవిడ కొట్టు ముందు పలక మీద "నువ్వుల నూనె, నిన్న ఆడింది" అని ఉంటుంది. సరుకు మొన్నటిదైతే ఆ రోజు "మొన్న" అని దిద్దుతుంది.

నాగలింగం పలక ఆరడుగులది. "లక్ష బట్టతలలను గెలిచిన కేశతైలం" అని దాని మీద రాయించాడు. పిల్లాజెల్లాతో కలిపి మణిగిరి జనం ముప్పై వేలు.

సింగన తాటాకు, గంటం తీశాడు.

"ప్రభూ, ఉత్తర్వులో నూనె గుణాలు కూడా ఉండాలి కదా. వర్తకులవారు చెబితే రాసుకుంటాను."

కొలువులోనే ఉన్న నాగలింగం జరీ ఉత్తరీయం సవరించుకున్నాడు. "రాసుకో. పూసిన మూడో రోజుకి జుట్టు మొలుస్తుంది."

"నెత్తి మీదేనా అయ్యా?"

"నెత్తేమిటయ్యా! గుమ్మడికాయకు పూసినా మొలవాల్సిందే. చుక్క తగిలితే చాలు."

సింగన రాసుకున్నాడు. "ఇంతటి నూనెను పనివాళ్లు కలిపితే గుణం తగ్గదూ?"

"పనివాళ్లా! ఇరవై ఏళ్లుగా రోజూ నేనే, ఈ రెండు చేతులతో పిసికి కలుపుతున్నాను. ఇంకొకరి వేలు పడనివ్వను!"

సింగన మొత్తం చదివి వినిపించాడు. నాగలింగం ప్రతి మాటకీ తలూపాడు. అప్పుడు సింగన ఎంతో వినయంగా అన్నాడు:

"అయితే ఆ అరచేతులు ఒకసారి చాపండయ్యా. వెంట్రుకలు ఎంత పొడుగున్నాయో కొలిచి రాసుకుంటాను."

నాగలింగం రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు.

"చాపు," అన్నారు రాజుగారు.

చాపాడు. అరచేతులు నున్నగా మెరుస్తున్నాయి.

రాజుగారు వాటి వంక చూశారు. ముఖం ఎర్రబడింది. ఆ కోపం వర్తకుడి మీదో తన మీదో సింగనకు తెలియలేదు.

ఇంతలో రాజుగారికి నవ్వొచ్చింది. దాంతో సభకూ నవ్వే ధైర్యం వచ్చింది.

"నాగలింగం, రుజువు చేయలేని మాట నీ పలక మీద ఒక్కటీ ఉండకూడదు."

నాగలింగం బాగా ఆలోచించాడు.

"పోనీ, 'నూనె' అని రాసుకోవచ్చా ప్రభూ?"

సింగన గంటం కింద పెట్టి అన్నాడు:

"ముందు వాసన చూసి చెబుతాం."

రాజుగారు పడీపడీ నవ్వుతూ ఆ ఉత్తర్వు తాటాకు అందుకుని రెండుగా చింపేశారు. మెడలోని ముత్యాల హారం తీసి సింగన మెడలో వేశారు.