వెలగని ఎర్రదీపం

నర్సీపట్నంలో చింతపల్లి రోడ్డు మొదట్లో బండ్ల కరెంటు పని చేసే మరిడయ్య మేస్త్రి, ఎవరేం అడిగినా తిన్నగా జవాబు చెప్పే మనిషి కాదు. ఆయన దగ్గర ఆరేళ్లుగా పని నేర్చుకుంటున్న గౌరునాయుడికి నలభై నిండాయి. ఇన్నేళ్లలో ఒక్క మెచ్చుకోలు దక్కలేదు సరికదా, తిట్టు తినని పూట లేదు. ఒక ఉదయం ఒళ్లు మండి అడిగేశాడు.

"మేస్త్రిగారూ, మనిషన్నాక నెత్తిమీద ఒకలు తప్పులెంచుతానే ఉండాలేటి? ఎవలూ ఏటీ అనకపోతే పని ఇంకా కుదురుగా సాగదా?"

మరిడయ్య చుట్ట ఆర్పి, షాపు ముందు ఆగి ఉన్న జీపు వైపు గడ్డంతో చూపించాడు. "ముందు దాని సంగతి తేల్చు" అన్నాడు.

పాతికేళ్ల నాటి ఆ ఫోర్ వీల్ డ్రైవ్ బండి కొర్రా మత్స్యరాజుది. కొండమీది అతని ఊరికి మరే బండీ ఎక్కదు. నెలలు నిండిన కూతుర్ని ఆ సాయంత్రంలోగా కిందికి దింపి ఆసుపత్రిలో చేర్చాలి. బండి చూస్తే ఆ వారంలోనే రెండుసార్లు ఘాట్ రోడ్డు మధ్యలో మొరాయించింది. కొత్త బ్యాటరీ వేసినా అంతే. పాపం మత్స్యరాజు కూర్చోలేక నిలబడలేక షాపు ముందు తిరుగుతున్నాడు.

గౌరునాయుడు మీటరు పెట్టాడు. ఇంజను నడుస్తుంటే పద్నాలుగు వోల్టులు చూపించాల్సింది పన్నెండు దాటడం లేదు. అంటే డైనమో బ్యాటరీని ఛార్జి చేయడం లేదన్నమాట. బెల్టు బిగువుగానే ఉంది, వైర్లు శుభ్రంగా ఉన్నాయి. డైనమో విప్పి, లోపల అరిగిన కార్బన్ బ్రష్షులు మార్చి, బల్లమీద వేరే బ్యాటరీ కరెంటు అందించి తిప్పితే పద్నాలుగూ నిక్షేపంగా ఇచ్చింది. తిరిగి బండికి బిగిస్తే మళ్లీ పన్నెండే. అప్పటికి మధ్యాహ్నమైంది. ఒక ఆడపిల్ల ప్రాణం తన చేతుల్లో ఉంది. పొద్దున అన్న మాట గుర్తొచ్చి సిగ్గేసినా, వెళ్లి మేస్త్రిని పిలుచుకొచ్చాడు.

మరిడయ్య డ్రైవరు సీట్లో కూర్చుని, ఇంజను స్టార్ట్ చేయకుండా తాళం మాత్రం తిప్పాడు. డాష్‌బోర్డు మీద బ్యాటరీ గుర్తు దగ్గర దీపం వెలగలేదు.

"బ్యాటరీ ఎర్రదీపం ఏటైందయ్యా?"

"పది రోజులయ్యి ఎలగట్లేదు బాబూ" అన్నాడు మత్స్యరాజు. "అంతకుముందు తాళం తిప్పితే సాలు, కళ్లెర్రజేసి సూసేది. పీడా పోనాదనుకున్నాను."

"దీపం రాలేదు గదా, అంతా బాగుందనే నేనూ అనుకున్నానండి" అని గొణిగాడు గౌరునాయుడు.

మేస్త్రి డాష్‌బోర్డు విప్పి, శనగగింజంత బల్బు ఊడదీసి వెలుగుకు పట్టి చూపించాడు. లోపలి తీగ తెగి ఉంది. "ఈ పాత బండ్లలో డైనమోని ముందుగా లేపే కరెంటు దీన్లోంచే ఎల్తాది. ఇది మాడిపోతే అది తిరుగుతాది గాని మేలుకోదు" అన్నాడు. కొత్త బల్బు పెట్టి తాళం తిప్పగానే ఎర్రదీపం వెలిగింది. ఇంజను అందుకోగానే ఆరింది. మీటరు పద్నాలుగు మీద నిలిచింది. మత్స్యరాజు ఇద్దరికీ దణ్ణం పెట్టి బండెక్కాడు.

మర్నాడు పొద్దున్నే అతని దగ్గర్నుంచి ఫోను వచ్చింది. కూతురికి కూతురు పుట్టింది, ఇద్దరూ క్షేమం. గుండెల మీంచి బరువు దిగిన గౌరునాయుడు పనిలో పడ్డాడు. ఒక ట్రాక్టరు వైరు అతికాడు. అతికిన వైరును, ఆరేళ్లలో మొదటిసారి, తనంతట తానే మేస్త్రి ముందు పెట్టాడు.

"ఒకసారి సూడండి."

మరిడయ్య కళ్లజోడు సర్దుకుని, వైరును అటూ ఇటూ తిప్పి చూశాడు.

"టేపు వదులుగా ఉంది నాయుడూ. నీ నెత్తిమీది బల్బింకా మాడలేదులే."