గడ్డిబుట్టలో లోయ ఊపిరి

"ఈ లోయలో ఏడాదికి నూరు బుట్టల పొగ దాటనివ్వను. దాటితే నా బొగ్గుబట్టీలు నేనే ఆర్పేస్తాను." అనగనగా ఒక అడవిలో, ఉగాది పూట, ఎలుగుబంటి గండన్న అందరి ముందూ ఇచ్చిన మాట ఇది.

అంతకుముందు వేసవిలో పొగ లోయను దుప్పటిలా కప్పేసింది. వేడి పైకి పోలేదు. గిజిగాడు గరికయ్య గూట్లో మూడు గుడ్లు ఉడికిపోయాయి.

ఏడాది తిరిగింది. వేడి తగ్గలేదు. పొగ కొలిచే నక్క తూమయ్య మాత్రం, "తొంభై ఆరు బుట్టలే," అని చాటాడు.

"ఈసారి గుడ్లు పెట్టనా, వద్దా?" అని గరికయ్యను భార్య అడిగింది.

గరికయ్య నక్క దగ్గరికి వెళ్ళాడు. "ఎలా కొలిచావు మామా?"

"పూజ చేసి వెలిగించే మొదటి బట్టీ మీద బుట్ట బోర్లిస్తాను. దాన్నిబట్టి మిగతావన్నీ లెక్కేస్తాను. మా తాతల నాటి పద్ధతి, అల్లుడూ."

పూజ బట్టీలో ఎండిన తంగేడు పుల్లలే వేస్తారు. తక్కినవాటిలో వేసేది పచ్చి మొద్దులు.

గరికయ్య గడ్డితో సన్నని బుట్ట అల్లాడు. ముందు పూజ బట్టీ మీద బోర్లించాడు. నక్క లెక్కే వచ్చింది. తరువాత పచ్చి మొద్దుల బట్టీ మీద పెట్టాడు. ఒకసారి దానికంటే కొంచెం ఎక్కువ, ఒకసారి రెట్టింపుకు దగ్గరగా వచ్చింది. చివరికి, బట్టీల మట్టి కోసం గండన్న నీళ్ళు తోడి ఎండబెట్టిన చిత్తడి నేల మీద పెట్టాడు.

అక్కడ నిప్పు లేదు, పొగ లేదు. అయినా బుట్ట మెల్లగా పైకి లేచింది.

గరికయ్య నేలకు చెవి ఆనించాడు. వెయ్యేళ్ళ ఆకులు ఆ మట్టి కింద నిద్రపోతున్నాయి. నీటి దుప్పటి లాగేసరికి అవి పొగలాగే వేడిని పట్టి ఉంచే ఊపిరి విడుస్తున్నాయి. పొద్దున ఒక వంతు లేస్తే, మధ్యాహ్నం మూడు వంతులు, మబ్బు పడితే రెండు. చూసినంత మేరా నేల శ్వాసిస్తోంది. 'ఇంత పెద్ద ఊపిరి ముందు నా బుట్ట ఎంత?' అనుకున్నాడు.

అడవి సభలో ఉన్నదున్నట్టు చెప్పాడు. "బట్టీలదీ, నేలదీ కలిపి ఏడాదికి నూట ఇరవై బుట్టల నుంచి రెండు వందల దాకా ఉండొచ్చు. సరిగ్గా ఎంతో నాకు తెలియదు."

నక్క నవ్వాడు. "తెలియదని చెప్పడానికా ఇన్నాళ్ళు ఎగిరావు?"

"లెక్క తేలేదాకా బట్టీలు మండనీ," అన్నాడు గండన్న.

"ఎంత దాటిందో తెలియదు పెద్దయ్యా. దాటిందని తెలుసు. నా లెక్కలో అతి తక్కువదే నీ మాట కంటే ఇరవై ఎక్కువ."

అడవిదున్న లేచి వచ్చింది. "నాకూ ఒక బుట్ట అల్లివ్వు నాయనా. నేనూ కొలుస్తాను." కుందేలు అడిగింది. ముళ్ళపందీ అడిగింది.

తెల్లారి గండన్న కళ్ళు తెరిచేసరికి ప్రతి బట్టీ మీదా, చిత్తడి నేల పొడుగునా బుట్టలు బోర్లించి ఉన్నాయి. గాలి లేకుండానే అన్నీ ఊగుతున్నాయి.

ఎదురుగా కొమ్మ మీద గరికయ్య ఉన్నాడు.

"తొలకరికి నా భార్య గుడ్లు పెట్టాలి. మాట నిలుపుకుంటావో లేదో జ్యేష్ఠ పున్నమి లోపు జవాబు చెప్పు."

నీతి: ఎంత దాటామో తెలియకపోవడం, దాటామని తెలిశాక కూడా ఆగకపోవడానికి సాకు కాదు.