మెడ చూడని కడసేనుడు

అనగనగా అంటే ఊ కొట్టాలి. కొట్టనివాళ్ళు లేచి వెళ్ళి పడుకోండి, నాకేం నష్టం లేదు.

కంకణగిరి అనే రాజ్యాన్ని కుంభసేనుడనే రాజు ఏలుతుండేవాడు. ఆయనకి ముగ్గురు కొడుకులు, అగ్రసేనుడు, మధ్యసేనుడు, కడసేనుడు. పేర్లు పెట్టడానికి రాజుగారు ఎంత బుర్ర ఖర్చుపెట్టారో చూశారుగా! ఆ ముగ్గురి తర్వాత ఒక్కగానొక్క కూతురు, మందారిక.

ఆ రాజ్యంలో ఒక అలవాటుండేది. పాము కనిపిస్తే ముందు కర్రతో కొట్టడం, చచ్చాక అది ఏ పామో చూడడం. ఆ పైన దానికి పాలు పోసి, నెయ్యి పోసి దహనం చేసి, స్నానం చేసొచ్చి లెంపలేసుకోవడం. బతికున్నప్పుడు ఒక్క క్షణం ఆగి చూడలేనివాళ్ళకి చచ్చాక ఎక్కడలేని భక్తీ పుట్టుకొచ్చేది. రాజకుమారులకి కూడా కత్తికంటే ముందు ఆ కర్ర పట్టడమే నేర్పారు.

ఇలా ఉండగా ఒకనాడు బూదికంఠుడనే మాంత్రికుడు సభకొచ్చి, మందారికని తనకిచ్చి పెళ్ళి చెయ్యమన్నాడు.

"అద్దంలో మొహం చూసుకున్నావా తాతా?" అంది మందారిక.

సభంతా గొల్లున నవ్వింది. మాంత్రికుడు మండిపడి పిడికెడు బూడిద విసిరాడు. అంతే, మందారిక పామైపోయింది. జరజరా పాకి, ఏడు వాగుల అవతలున్న అడవిలోకి వెళ్ళిపోయింది.

రాజు కాళ్ళమీద పడ్డాడు. మాంత్రికుడు మీసం దువ్వుకున్నాడు. "నా ప్రాణం కూడా ఆ అడవిలోనే ఉంది, ఒక కట్లపాములో. దాన్ని పట్టుకున్నవాడు ఏం చెప్తే అది చేస్తాను. మీ అమ్మాయీ చూడ్డానికి అచ్చం అలాగే ఉంటుంది. విషం మాత్రం చుక్క ఉండదు. వానాకాలం దాటిందా, ఆమె ఇక జన్మంతా పామే. వెతుక్కోండి!"

ముందు పెద్దవాడు వెళ్ళాడు. ఏడు వాగులు దాటాడు, కనిపించినదాన్నల్లా కొట్టాడు, గోనెసంచి నింపుకొచ్చి సభలో గుమ్మరించాడు.

"ఇందులో చెల్లి ఉంటేనో, అన్నా?" అన్నాడు కడసేనుడు.

పెద్దవాడి మొహం పాలిపోయింది. ఆ ఆలోచన అప్పటిదాకా రాలేదు మహానుభావుడికి! మాంత్రికుడు ఒక్కొక్కటే తిరగేశాడు. "ఇది పసిరిక పాము. ఇది నీరుకట్టు పాము. ఇవన్నీ జెర్రిపోతులు. మీ చెల్లి లేదు, నా ప్రాణమూ లేదు. ఉత్త పుణ్యానికి చంపుకొచ్చావు."

తర్వాత నడిపివాడు వెళ్ళాడు. ఏడు వాగులు దాటాడు, నాగస్వరం తీశాడు, చెంపలు వాచిపోయేదాకా ఊదాడు. పాములకి మన పాటలతో ఏం పని? ఒక్కటీ రాలేదు. కప్పలు మాత్రం వంత పాడాయి.

ఆఖరికి కడసేనుడు బయల్దేరాడు. ఒక కర్ర, ఒక పంగలకర్ర, మూతున్న ఒక కుండ పట్టుకున్నాడు. ఏడు వాగులూ దాటాడో లేదో, గడ్డిలోంచి బారెడు పాము లేచింది. కర్ర ఎత్తాడు.

"ఆగవయ్యా! కొట్టాక చూద్దామనా?" అంది పాము.

"నువ్వు తాచువి కదూ?"

"పడగేదీ? కోపమొస్తే తాచు పడగ విప్పుతుంది. నాకు ఎంత కోపమొచ్చినా మెడ ఇంతే. నేను జెర్రిపోతుని. మీ గాదెల దగ్గర ఎలకల్ని తినిపెడితే మీరిచ్చే బహుమానం ఈ కర్రదెబ్బ!"

కడసేనుడు సిగ్గుపడి కర్ర దించాడు. ఇంకాస్త దూరం వెళ్ళాడు. చెట్టు మొదట్లో మచ్చల పాము చుట్టచుట్టుకుని ఉంది. కర్ర మళ్ళీ లేచింది.

"ఆగవయ్యా! నేను కొండచిలువ పిల్లని."

"రక్తపింజరివేమో అనుకున్నాను."

"దాని వీపుమీద మచ్చలు పూసలు గుచ్చినట్టు వరసగా ఉంటాయి. నావి చూడు, చిరిగిన గుడ్డపేలికలు అతికించినట్టు లేవూ? అదే పింజరైతే ఈపాటికి కొలిమితిత్తిలా బుసకొట్టి ఉండేది. అది వినగానే నువ్వు ప్రాణాలు అరచేత పట్టుకుని పరిగెత్తేవాడివి."

కడసేనుడు మళ్ళీ కర్ర దించాడు. ఇంకాస్త దూరం వెళితే రాళ్ళగుట్ట. రాతిమీద ఒక బల్లి.

"బల్లీ బల్లీ, కట్లపామునీ మా చెల్లినీ ఎలా పోల్చుకోను?"

"రెంటికీ తెల్లకట్లే. కానీ మెడ చూడు. కట్లు మెడ దగ్గరే కొట్టొచ్చినట్టు మొదలై, తోకవైపు చెరిగిపోతే మీ చెల్లి. మెడ దగ్గర కనిపించీ కనిపించకుండా ఉండి, తోకవైపు తేటపడితే కట్లపాము."

"నీకెలా తెలుసు?"

"మీ చెల్లి జాతి తినేది మమ్మల్నే. నన్ను మింగేదాన్ని నేను పోల్చుకోలేనా? ఏం చూడాలో చెప్పు!"

"మెడ చూడాలి," అన్నాడు కడసేనుడు. బల్లి మూడుసార్లు అడిగింది. మూడుసార్లూ తప్పు లేకుండా చెప్పాడు.

అది వానాకాలం ఆఖరి రోజు. పొద్దు వాలుతోంది. కడసేనుడు గుట్టముందు కూర్చున్నాడు. రాళ్ళసందులోంచి కట్లకట్ల పాము ఒకటి బయటికొచ్చింది. అటూ ఇటూ పోలేదు. తిన్నగా, గబగబా, అతని కాళ్ళదగ్గరికే వచ్చింది.

అతని చెయ్యి లేచింది. కర్ర దాని నడుంమీద పడింది.

అప్పుడు చూశాడు. కట్లు మెడ దగ్గరే, తెల్లగా, ఒక్కొక్కటీ లెక్కపెట్టేంత తేటగా ఉన్నాయి.

నోటితో మూడుసార్లు అప్పజెప్పిన పాఠం చేతికి చేరలేదు, పిల్లలూ. చెయ్యి చిన్నప్పుడు నేర్చిందే చేసింది.

కడసేనుడు ఏడుస్తూ, ఇంకా ఊపిరున్న ఆ పాముని తలపాగాలో పడుకోబెట్టాడు. అంతలో రెండోది బయటికొచ్చింది, నల్లగా నిగనిగలాడుతూ. ఈసారి చూశాడు. మెడ దగ్గర కట్లు దాదాపు లేవు, తోకవైపు తేటగా ఉన్నాయి. పంగలకర్రతో అదిమి, కుండలోకి తోసి, మూత బిగించాడు. మీరు మాత్రం అలాంటి వేషాలు వెయ్యకండి. దూరంనుంచి చూసి పెద్దవాళ్ళని పిలవండి.

ప్రాణం కుండలో పడేసరికి మాంత్రికుడు ఉన్నచోటినుంచి పరిగెత్తుకొచ్చి కాళ్ళమీద పడ్డాడు. "చెప్పు బాబూ, ఏం చెయ్యను?"

"నా చెల్లిని నాకివ్వు."

బూడిద చల్లాడు. మందారిక మనిషైంది. లేవబోయింది. నడుం కింద కదలిక లేదు.

"దీన్ని కూడా బాగుచెయ్యి!" అని అరిచాడు కడసేనుడు.

"నేను చేసింది నేను విప్పాను," అన్నాడు మాంత్రికుడు. "నువ్వు చేసింది నేనెలా విప్పను?"

మందారిక అన్న మొహంలోకి చూసింది. "నిన్ను చూసే పరిగెత్తుకొచ్చాను, చిన్నన్నయ్యా."

"నువ్వని తెలీలేదమ్మా."

"చూస్తే తెలిసేది."

ఆమె తిట్టుంటే బావుండేది.

కడసేనుడు కట్లపాముని ఆ రాళ్ళలోనే వదిలేశాడు. దానికేం తెలుసు పాపం, ఎవడి ప్రాణం తనలో ఉందో! బూదికంఠుడు మాత్రం బతికినన్నాళ్ళూ దాని వెనకాలే తిరిగాడు, దారినపోయేవాళ్ళందరికీ "కొట్టకండి బాబూ, చూడండి బాబూ" అని దండాలు పెట్టుకుంటూ.

రాజు కడసేనుడికి పట్టం కట్టాడు. పొరుగురాజు కూతురు కువలయతో పెళ్ళి చేశాడు. కొత్తజంట ఇంటికొచ్చేసరికి ఆడపడుచు గుమ్మానికి అడ్డం నిలబడి, ఇద్దరిచేతా పేర్లు చెప్పించి లోపలికి వదలాలి కదా. మందారికని చెలికత్తెలు గడపమీద కూర్చోబెట్టారు.

"పేర్లు చెప్పండి, లేకపోతే రాత్రంతా ఇక్కడే కూర్చోబెడతాను. వదినా, మొదట నువ్వు! నోట్లో బెల్లంముక్క ఉందా?"

కువలయ తల వంచుకుని, "కడసేనులవారూ, నేనూ వచ్చాం," అంది. ఆడవాళ్ళంతా కిలకిలా నవ్వారు.

"కువలయా, నేనూ వచ్చాం. దారి ఇవ్వు తల్లీ," అన్నాడు కడసేనుడు.

దారి ఇవ్వాలంటే లేవాలి. చెలికత్తెలు ముందుకొచ్చారు. మందారిక చెయ్యెత్తి వాళ్ళని ఆపి, అన్నవైపు రెండు చేతులూ చాచింది.

"నన్నెత్తితేగానీ నీకు ఇల్లు లేదు, చిన్నన్నయ్యా."

కడసేనుడు పెళ్ళిబట్టలతోనే మోకాళ్ళమీద కూర్చుని, చెల్లెల్ని ఎత్తుకుని, కుడికాలు గడపలోపల పెట్టాడు. ఆ తర్వాత చాలా ఏళ్ళు చక్కగా రాజ్యం చేశాడు. వానలు పడ్డాయి, పంటలు పండాయి, పిల్లలు పుట్టారు. రోజూ పొద్దున్నే చెల్లెల్ని ఎండలోకి, సాయంత్రం నీడలోకి తనే మోసుకెళ్ళాడు. ఆ పని ఇంకెవరికీ ఇవ్వలేదు.