సూరమ్మ మీటరులో దయ్యం

అనగనగా, అంటే మరీ అంత పాతకాలం కాదర్రా, ఎండ తప్ప ఇంకేదీ ధారాళంగా దొరకని ఒక ఊళ్ళో సూరమ్మ అని ఒక అత్తగారు ఉండేది. ఆవిడ కోడలు నాంచారి. సూరమ్మకి నోరు పెద్దది, చెయ్యి ఇంకా పెద్దది. కొట్టడానికి కాదురా కిట్టూ, పెట్టడానికి! ఎవరు ఎప్పుడు గిన్నె పట్టుకొచ్చినా, తోడుకని గరిటెడు మజ్జిగ పొయ్యకుండా పంపేది కాదు. ఆ మజ్జిగ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

నాంచారి రెండేళ్ళు మిషను మీద జాకెట్లు కుట్టి కుట్టి, నడుము పడిపోయేలా కుట్టి, డాబా మీద మూడు సోలారు పలకలు పెట్టించుకుంది. ఎండ పలకకిచ్చె, పలక తీగకిచ్చె, తీగ ఇంటికిచ్చె. ఫ్యాను తిరిగె, మిషను తిరిగె, గ్రైండరు తిరిగె. ఊ కొడుతున్నారా? పాపాయి ఊ వినబడటం లేదేం?

ఒక మిట్టమధ్యాహ్నం పనులైపోయి అన్నీ ఆపేశారు. సూరమ్మ వక్క నములుతూ వసారాలోకొచ్చి మీటరు వంక చూసింది కదా, లోపలి చక్రం వెనక్కి తిరుగుతోంది! దయ్యాలకి పాదాలు వెనక్కి తిరిగి ఉంటాయని మీకు చెప్పలేదూ? ఆవిడకీ నాలాంటి ముసలమ్మే ఎవరో చెప్పింది. వెనక్కి నడిచేది దయ్యమైతే, వెనక్కి తిరిగే మీటరులో ఉన్నదీ దయ్యమే కదా మరి! "ఓసి నీ పలకలు పాడుగానూ, ఇంటికి దయ్యాన్ని తెచ్చావే!" అని వీధంతా వినబడేలా కేకలేసి, భూతవైద్యుడు భద్రయ్యకి కబురు పెట్టింది.

వచ్చాడు భద్రయ్య. వేపమండలు, పసుపు, నిమ్మకాయలు, వాటితో పాటు ఒక రోకలి. మీటరు చూసి తలాడించి, ఇది ఆడదయ్యమేనన్నాడు. ఎలా తెలిసిందో ఆ వెధవకే తెలియాలి. పలకలు పగలగొడితేగాని పోదన్నాడు. నాంచారికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. రెండేళ్ళ కష్టమర్రా అది, రోకలిపోటుకి పోతోంది. అయినా కొంగు దోపుకుని, ఏం బాబాయ్, దయ్యాలు ఎండలో తిరుగుతాయా అని మెత్తగా అడిగింది. ఛఛ, కోడి కూస్తే చెట్టెక్కేస్తాయి, చీకట్లోనే వాటి ఆటలన్నీ అన్నాడు.

అయితే కాస్త ఉండమని డాబా ఎక్కి, బొంతలు తెచ్చి పలకల మీద కప్పేసింది. చక్రం ఆగింది. బొంతలు లాగేసింది, తిరిగింది. కప్పింది, ఆగింది. లాగింది, తిరిగింది. చీకటైతే పడుకుని ఎండొస్తే లేచే దయ్యం ఎక్కడుంది బాబాయ్ అంది. భద్రయ్యకి ఉన్నట్టుండి ఇంటి దగ్గర గేదె ఈనే వేళైందని గుర్తొచ్చింది. రోకలి కూడా మర్చిపోయి పరుగెత్తాడు!

సూరమ్మ ఊరుకుందా? మరి వెనక్కెందుకు తిరుగుతోందంది. మనం వాడగా మిగిలిన కరెంటు వీధి తీగలోకి వెళ్తోందత్తయ్యా అంది నాంచారి. అయితే మరీ ఘోరం, మన ఎండ ఊళ్ళోవాళ్ళు లాక్కుంటున్నారన్నమాట, పీకించెయ్ అని మొదలెట్టింది. సరిగ్గా అప్పుడే పక్కింటి పుల్లమ్మ తోడుకోసం గిన్నెతో వచ్చింది. సూరమ్మ తిట్టడం ఆపకుండానే గరిటెడు మజ్జిగ పోసి పంపింది.

ఎందుకిచ్చారత్తయ్యా అని అడిగింది కోడలు. మనకి మిగిలింది కాబట్టి ఇచ్చానే, మొన్న మన మజ్జిగ పిల్లి ఒలకబోస్తే ఆవిడ ఇవ్వలేదూ అంది.

"మీటరు చేసేదీ అదే అత్తయ్యా. పగలు వీధికి మనం తోడిస్తాం. రాత్రి మనకి ఎండ ఉండదుగా, వీధి మనకి తోడిస్తుంది."

సూరమ్మ నోరు మూతపడింది. పెళ్ళయ్యాక అదే మొదటిసారట! మర్నాటి నుంచి కుర్చీ వేసుకుని మీటరు ముందే కూర్చునేది. పుల్లమ్మ ఇంట్లో మిక్సీ మోగితే, అది మా తోడే అనేది. ఎదురింట్లో ఫ్యాను తిరిగితే, అదీ మా తోడే అనేది. పలకల మీద దుమ్ము తనే తుడిచేది. భద్రయ్య రోకలితో కారం దంచుకున్నారు, వాడు మళ్ళీ అడగలేదు.

మిగిలిన మజ్జిగ దాచుకుంటే పులిసిపోతుంది కదా, ఎండా అంతేనర్రా, ఇచ్చెయ్యాలి. కథేమో కంచి బస్సెక్కేసింది, మనం దుప్పట్లో దూరిపోదాం. కిట్టూ, ఆ లైటు తీసెయ్ నాన్నా. మన డాబా మీది పలకలూ పడుకున్నాయి, ఇప్పుడు మనం వీధి నుంచి తోడు తెచ్చుకునే వేళ, గరిటెడు చాలు.